అప్‌డేట్: ఆన్‌లైన్ జర్నలిజం ఎం.ఏ., మొదటి సెమిస్టర్ ముగిశాక

అమలాపురంలోనే ఉంటూ ఆన్‌లైన్‌లో మాస్ కమ్యూనికేషన్ ఎం.ఏ. చేస్తే ఆ పట్టా చెల్లుతుందా, కెమెరా పని ఇంట్లో కూర్చుంటే వస్తుందా అని నిరుడు మిమ్మల్ని అడిగాను.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2020 నిబంధనల ప్రకారం అనుమతి పొందిన ఆన్‌లైన్ పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమేననీ, అయితే ఆ అనుమతి విశ్వవిద్యాలయంతోపాటు మనం చేరే కోర్సుకూ ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోవాలనీ మీరు చెప్పబట్టే, ఫోన్లతో వెంటపడిన ఒక ఏజెంటుకు కట్టబోయిన పదివేలు మిగిలాయి. ఆయన చెప్పిన కోర్సు ఆ జాబితాలోనే లేదు.

రెండో ప్రశ్నకు జవాబు అంత సూటిగా లేదు. సిద్ధాంతాలూ, పత్రికా చట్టాలూ రికార్డు పాఠాలతో బాగానే వంటబట్టాయి గానీ, కోటిపల్లి రేవులో పంటు (జనాన్ని ఏరు దాటించే పడవ) మీద నేను తీసిన మొదటి ఇంటర్వ్యూలో గోదావరి గాలి హోరు తప్ప మనిషి మాట ఒక్కటీ వినిపించలేదు. మరుసటి వారం కాలర్ మైకుకు చేతిరుమాలు చుట్టి (క్లిప్పు విరిగింది కనుక అమ్మ పిన్నీసుతో బిగించి), మాట్లాడే సరంగును (పంటు నడిపేవాణ్ణి) గాలికి వీపు పెట్టి నిలబెడితే చాలావరకు నయమైంది. ఆ రికార్డింగునే అసైన్‌మెంటుగా పంపాను. మార్కులు ఇంకా రాలేదు.