పార్సీల్లో ఎర్వద్, మొబెద్, దస్తూర్: ఎవరు ఎవరు?

ప్రశ్న (చరిత్రపిచ్చి): అక్బర్ దర్బారుకి వెళ్లిన, గుజరాత్‌లోని నవ్‌సారీ దస్తూర్ మెహర్‌జీ రాణా గురించి చదువుతున్నాను. ఒకచోట ఎర్వద్, ఒకచోట మొబెద్, ఇంకోచోట దస్తూర్ అంటున్నారు. ఇవన్నీ వరసగా ఎక్కే మెట్లా? దీక్ష మధ్యలో చెడిపోతుందంటారు, ఎలా?

జవాబు (పాతకాగితం): అర్చక దీక్షలో మెట్లు రెండేనండీ, మొదటిది నావర్, రెండోది మరతబ్. నావర్ అయినవాడు ఎర్వద్. మొబెద్ అంటే అర్చకుడు, అంతే. దస్తూర్ అనేది పెద్దరికం, దానికి వేరే దీక్షంటూ లేదు.

నావర్‌కి అర్చక కుటుంబంలో పుట్టినవాడై ఉండాలి, యస్న అనే ప్రార్థనా గ్రంథం 72 అధ్యాయాలూ నోటికి రావాలి. ముందు బరష్నూం అనే శుద్ధి క్రతువు రెండుసార్లు, ఒక్కోటి తొమ్మిది రాత్రుల ఏకాంతం. గోమూత్రం, ఇసుక, నీళ్లతో శుద్ధి చేసి కూర్చోబెడతారు. ఆ తర్వాత ఎవరినీ తాకకూడదు, మూడు, ఆరు, తొమ్మిదో రాత్రులు గడిచాకే మళ్లీ స్నానం. అసలు చిక్కు ఇక్కడే. నిద్రలో స్ఖలనమైనా, తలపాగా జారి కింద పడినా దీక్ష చెడినట్టే. పిల్లవాడు పదీ పన్నెండేళ్లవాడై ఉన్నప్పుడే చేయించేయడానికి సగం కారణం ఇదే అని నా ఉద్దేశం. బరష్నూంలు అయ్యాక నాలుగు రోజుల క్రతువులు.

మరతబ్‌కి ఇంకో బరష్నూం, ఆపైన అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టే వెందీదాద్ అనే గ్రంథ పారాయణం. అగ్ని ఆలయం లోపల చేసే పెద్ద క్రతువులకి మరతబ్ కావాలి. నవజోత్ (పిల్లల్ని మతంలోకి చేర్చే క్రతువు), పెళ్లి, జషన్ (కృతజ్ఞతా ప్రార్థన)లకి నావర్ చాలు.

చరిత్రపిచ్చి: మరి అగ్ని దగ్గర రోజువారీ పని?

జవాబు (సాయంకాలం): అగ్ని ఆలయంలో నిప్పుకి చందనం పెట్టే ఆ క్రతువుని బోయ్ అంటారు. రోజుని ఐదు గాహ్‌లుగా విడగొట్టారు, ఒక్కో గాహ్‌కి ఒక బోయ్. అర్ధరాత్రి దాటాక ఉషహిన్ గాహ్ మొదలవుతుంది, కాబట్టి కంటినిండా నిద్ర ఉండదు. అర్చకుడు కస్తీ (నడుముకి కట్టే పవిత్ర దారం) విప్పి కట్టుకుని, ఊపిరి నిప్పుకి తగలకుండా ముక్కూ నోరూ మూసేలా పదాన్ అనే గుడ్డ కట్టుకుంటాడు. మాచీ అంటే చందనపు చెక్కలు జతలుగా అడ్డంగా, నిలువుగా పేర్చడం. చెక్క పొడిగా ఉండాలి. పచ్చిది పెడితే పొగ కమ్ముతుంది, పైగా అది దోషం కూడా. 'దుష్మత, దుజూఖ్త, దుజ్వర్ష్త' (చెడు ఆలోచన, చెడు మాట, చెడు పని) అన్నప్పుడు ఒక్కో మాటకి మూడేసిసార్లు గంట కొడతాడు.

జవాబు (పాతకాగితం): మెహర్‌జీ రాణా విషయానికొస్తే, ఆయన పెద్దరికాన్ని ఒప్పుకుంటూ నవ్‌సారీ అర్చకులు 1579లో పత్రం రాసుకున్నారు. అక్బర్ నవ్‌సారీ దగ్గర 200 బిఘాల భూమి ఇచ్చాడు, మెహర్‌జీ కొడుకు కైకోబాద్ కాలానికి ఇంకో 100 కలిసింది. దస్తూర్ పదవి ఆ వంశంలోనే కొనసాగుతోంది, కానీ ఆ ఇంట పుట్టినా నావర్ చేసుకోక తప్పదు.