యూరప్‌లో మెడిసిన్: అక్కడ చదివినవాళ్లు, డాక్టర్లయినవాళ్లు చెప్పండి ప్లీజ్

బైపీసీ_అమ్మాయి:
నమస్తే అండి. ఇంటర్ అయింది. నీట్ క్వాలిఫై అయ్యాను గానీ ప్రభుత్వ సీటు వచ్చే ర్యాంకు కాదు. యూరప్‌లో ఇంగ్లిష్ మీడియంలోనే మెడిసిన్ చదవొచ్చని, ఆ డిగ్రీతో ఏ దేశంలోనైనా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని ఒక కన్సల్టెన్సీలో చెప్పారు. నాన్న లోన్ కోసం తిరుగుతున్నారు. అసలు సంగతి తెలిసినవాళ్లు చెప్పరా?

సెగెడ్_నాలుగో_ఏడు:
చెల్లీ, నేను హంగరీలోని సెగెడ్‌లో చదువుతున్నా. క్లాసులు ఇంగ్లిష్‌లోనే, అందులో అబద్ధం లేదు. సెగెడ్, పేచ్, డెబ్రెసెన్, బుడాపెస్ట్‌లోని సెమ్మెల్‌వైస్, ఈ నాలుగు చోట్లా ఇంగ్లిష్ కోర్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. పరీక్షలు మాత్రం మనకు అలవాటైనట్టు ఉండవు. పెద్ద సబ్జెక్టులన్నీ నోటితో చెప్పాల్సినవే. సిలబస్‌ను టాపిక్‌లుగా చేసి లిస్టు ముందే ఇచ్చేస్తారు. పరీక్ష రోజు బల్ల మీద చీటీలు తీయాలి. కాసేపు పాయింట్లు రాసుకోనిచ్చి, తర్వాత ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోబెడతారు. అనాటమీలో అయితే ఫోర్సెప్స్‌తో కడావర్ (చదువు కోసం ఉంచిన శవం) చేతిలో ఒక నరాన్ని పైకెత్తి, "ఇదేంటి? ఇది తెగితే ఏ కదలిక పోతుంది?" అంటారు. బట్టీ పట్టింది అక్కడ అక్కరకు రాదు. ఒక పెద్ద సబ్జెక్టు పోయి ఏడాది వెనకబడేవాళ్లు ఉంటారు. అందుకని నాన్నగారిని లోన్ లెక్క ఆరేళ్లకు మాత్రమే వేయొద్దని చెప్పు.

ఇంకో మాట. వార్డుల్లోకి వెళ్లాక పేషెంట్లు హంగేరియన్‌లో మాట్లాడతారు. మొదట్లో ఆ భాష క్లాసులు పెట్టేది అందుకే. పాసైతే చాలని వదిలేసినవాళ్లు తర్వాత మంచం చుట్టూ ఊరికే నిలబడతారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది అని ముసలావిడను అడగగలిగిన ఒక్కడే ఆ రోజు కేసు నేర్చుకుంటాడు.

ప్లోవ్‌దివ్_నుంచి_జర్మనీ:
పై అన్న చెప్పిన భాష సంగతి దగ్గరే మొత్తం కథ ఉంది. నేను బల్గేరియాలో చదివి ఇప్పుడు జర్మనీలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (మన పీజీ లాంటి స్పెషలిస్ట్ ట్రైనింగ్) చేస్తున్నాను. "ఏ దేశంలోనైనా" అన్నది సగమే నిజం. యూరోపియన్ యూనియన్ 2005/36 డైరెక్టివ్ ప్రకారం కనీసం 5 ఏళ్లు, 5,500 గంటల చదువుతో వచ్చిన ఈయూ మెడికల్ డిగ్రీని మిగతా సభ్య దేశాలు గుర్తిస్తాయి. అందుకే జర్మనీలో నేను మెడికల్ నాలెడ్జ్ పరీక్ష మళ్లీ రాయనక్కర్లేకపోయింది. కానీ డిగ్రీని గుర్తించడం వేరు, లైసెన్సు ఇవ్వడం వేరు. అప్రోబాట్సియోన్, అంటే పూర్తి లైసెన్సు రావాలంటే మామూలు జర్మన్ బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు భాషా స్థాయిల్లో నాలుగోది), దాని మీద ఫాఖ్‌ష్ప్రాఖ్‌ప్ర్యూఫుంగ్ అనే మెడికల్ జర్మన్ పరీక్ష ఉండాలి.

అది మూడు భాగాలు, ఒక్కోటి 20 నిమిషాలు. ముందు పేషెంట్‌గా నటించే మనిషి దగ్గర హిస్టరీ తీయాలి, తర్వాత దాన్ని డాక్టర్ లెటర్‌గా రాయాలి, చివరికి సీనియర్‌కు కేసు వివరించాలి. మధ్యలో ఆ పేషెంట్ భయంగా, "డాక్టర్, ఇది క్యాన్సరా?" అంటాడు. అప్పుడు ఊరట కలిగేలా, అబద్ధం లేకుండా జర్మన్‌లో జవాబు చెప్పాలి. ఆ పరీక్ష పెట్టడం న్యాయమే అంటాను. రాత్రి డ్యూటీలో ఆ ప్రశ్న నిజంగానే ఎదురవుతుంది.

రెసిడెన్సీకి జర్మనీలో ఎంట్రన్స్ లేదు, నేరుగా ఆసుపత్రులకు అప్లై చేసుకుంటాం. స్పెషలైజేషన్ 5, 6 ఏళ్లు.

పావియా_కబుర్లు:
ఇటలీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ కోర్సులకు ఐమాట్ అనే ఎంట్రన్స్ రాయాలి. 60 ప్రశ్నలు, 100 నిమిషాలు, ఒప్పుకు 1.5, తప్పుకు మైనస్ 0.4. మనలాంటి నాన్ ఈయూ వాళ్లకు సీట్లు వేరుగా, తక్కువగా ఉంటాయి. ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి మారుతుంది కాబట్టి మధ్యతరగతికి పెద్ద ఊరట. 2020 నుంచి ఇటాలియన్ మెడికల్ డిగ్రీతోనే ప్రాక్టీస్ అర్హత వస్తుంది. స్పెషలైజేషన్‌కు మాత్రం నేషనల్ ఎగ్జామ్ ఇటాలియన్‌లో రాయాలి. మళ్లీ భాషే!

బైపీసీ_అమ్మాయి:
అందరికీ థాంక్స్. మరి చదివాక ఇండియా వచ్చేయాలంటే?

ఎఫ్‌ఎంజీ_డాక్టర్:
అమ్మా, అది ఇప్పుడే తేల్చుకో. 2021 ఎన్‌ఎంసీ (మన నేషనల్ మెడికల్ కమిషన్) రూల్స్ ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్ మీడియంలో సాగాలి. ఆపైన అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీస్‌కు అర్హత ఇచ్చే డిగ్రీ అయుండాలి. వచ్చాక స్క్రీనింగ్ టెస్ట్ ఉంటుంది, 300కి 150 రావాలి. జర్మన్ మీడియంలో చదివితే ఇండియా దారి మూసుకుపోయినట్టే. ఇంగ్లిష్ కోర్సయినా, ఇంటర్న్‌షిప్ అక్కడే ఎలా చేయిస్తారో యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకో. కన్సల్టెన్సీ మాట మీద లోన్ సంతకం పెట్టనివ్వకు.

బైపీసీ_అమ్మాయి:
నాకు యూరప్‌లోనే ఉండిపోవాలని ఉంది సార్. బల్గేరియా చదివిన అక్కా, జర్మన్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్లోవ్‌దివ్_నుంచి_జర్మనీ:
మొదటి ఏడు అనాటమీ, బల్గేరియన్‌తోనే తల తిరిగిపోతుంది. అప్పుడు జర్మన్ జోలికి వెళ్లకు. రెండో ఏడు అయ్యాక మొదలుపెట్టి, నాలుగో ఏడుకల్లా బీ1 దాటితే చాలు. ఆ తర్వాత సెలవుల్లో జర్మన్ ఆసుపత్రులకు ఫాములాటూర్ కోసం మెయిల్ పెట్టు. అంటే స్టూడెంట్‌గా వార్డులో కొన్ని వారాలు పనిచేయడం. చిన్న ఊళ్ల ఆసుపత్రులు కూడా వదలకు. మెయిల్ ఎలా రాయాలో కావాలంటే అడుగు, నేను పంపినది ఇక్కడే పెడతాను.