హైదరాబాద్ వేడిలో సింబీడియం: ఆకులే తప్ప పూలు రావట్లేదు

ప్రశ్న (ఉప్పల్)
కాలింపాంగ్ నుంచి తెప్పించిన పెద్ద పూల సింబీడియం ఆర్కిడ్ అండి. వచ్చిన నల్ల ప్లాస్టిక్ కుండీలోనే ఉంది, ఏడు బల్బులున్నాయి (ఆకుల మొదట ఉబ్బినట్టుండే కాండాలు). మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. ఆకులు ముదురు పచ్చగా, పొడుగ్గా సాగి వాలిపోతున్నాయి. పూకాడ జాడే లేదు. ఎండాకాలంలో ఆకుల కొనలు నల్లబడుతున్నాయి. పోసేవి బోరు నీళ్లు, ఎరువు 19:19:19. రాత్రిపూట ఏసీ గదిలో పెడితే పూస్తుందా?

జవాబు (శంకర్‌పల్లి)
ఏసీ సంగతి తర్వాత, ముందు ఆకుల రంగు చూడండి. సింబీడియం ఆకు ముదురు పచ్చగా ఉందంటే వెలుతురు చాలట్లేదని అర్థం. చాలినంత అందితే ఆకు లేతపచ్చగా, కాస్త పసుపు ఛాయతో, నిటారుగా నిలబడుతుంది. ఉదయం తొమ్మిది, పది దాకా నేరుగా ఎండ తగలనివ్వండి, ఆ తర్వాత 50 శాతం షేడ్ నెట్ కింద ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో 75 శాతం నెట్ వేయండి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలోకి లాగితే ఆకు కాలుతుంది కాబట్టి రెండు మూడు వారాల్లో మెల్లగా జరపండి.

ఇక అసలు చిక్కు పగటి వేడి కాదు, రాత్రి వేడి. వేళ్లకు తడి, చుట్టూ గాలి ఉంటే సింబీడియం పగలు 35 డిగ్రీలనైనా ఓర్చుకుంటుంది. కానీ పగలు ఆకులో తయారైన చక్కెర, రాత్రి 26, 27 డిగ్రీలుంటే శ్వాసక్రియకే చాలామటుకు ఖర్చయిపోతుంది. బల్బులో నిల్వ పడదు. పెద్ద పూల రకాలు కాడ వేయాలంటే కొన్ని వారాలపాటు రాత్రులు 10 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండాలి, పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉండాలి. పడమటి గోడ సాయంత్రమంతా పీల్చుకున్న వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. ఊళ్లో 15 డిగ్రీలన్న రోజున కూడా ఆ బాల్కనీలో అంత చల్లబడదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపించే థర్మామీటరు ఒకటి కొని కుండీ పక్కనే వేలాడదీయండి. వాతావరణ వార్తల అంకె మీ మొక్కకు పనికిరాదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కుండీని మేడ మీద, పైన ఏ కప్పూ లేని చోట పెట్టండి. ఆరుబయట ఆకాశం కింద ఆకు రాత్రి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా కాస్త చల్లబడుతుంది. కానీ స్లాబు మీద నేరుగా వద్దు. రెండడుగుల ఇనుప స్టాండు మీద, కింద గాలి ఆడేలా ఉంచండి.

ఏసీ గది వల్ల పెద్దగా లాభం లేదు. 18 డిగ్రీల కంటే తగ్గించడం కష్టం, పైగా గాలి పొడిబారుతుంది. కుండీలో ఐసు ముక్కలు వేయమనే సలహా అసలు వినకండి. కాసేపు కుండీలో నింపిన మిశ్రమం చల్లబడుతుంది, వేరు కొన దెబ్బతింటుంది, అంతకుమించి జరిగేదేమీ లేదు.

జవాబు (బెంగళూరు)
కొనలు నల్లబడటానికి ఎక్కువగా ఉప్పే కారణం. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో మీ బోరు నీళ్లు చూడండి, 500 పీపీఎం దాటితే ఈ మొక్కకు ఎక్కువ. ఆర్‌ఓ నీళ్లు మూడు పాళ్లు, బోరు నీళ్లు ఒక పాలు కలిపి పోయండి. వాన నీళ్లు దొరికితే అంతకంటే మంచిది లేదు. కుండీ పరిమాణానికి మూడింతల నీళ్లు నెలకోసారి ధారగా పోసి లోపలి ఉప్పు కడిగేయండి. మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్లు మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, అవి వేళ్లకు చేరకూడదు. తెల్లవారుజామునే పోయండి.

ఎరువు జూన్ నుంచి ఆగస్టు దాకా 19:19:19, లీటరుకు అర గ్రాము, వారానికోసారి. సెప్టెంబరు నుంచి దాన్ని ఆపి నత్రజని లేని 0:52:34 అదే మోతాదులో ఇవ్వండి. నత్రజని ఆగకపోతే కొత్త పిలకలే వస్తాయి.

నల్ల కుండీ ఎండకు వేడెక్కితే గోడకు ఆనుకున్న వేళ్లే ముందు చస్తాయి. దాన్ని అంగుళం ఖాళీ ఉండేలా పెద్ద మట్టి కుండీలో దింపి, ఆ సందులో తడి ఇసుక నింపండి. మట్టి గోడ నుంచి నీరు ఆవిరవుతూ వేళ్లను చల్లగా ఉంచుతుంది. బయటి కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి, లేకపోతే నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి.

ప్రశ్న (విశాఖపట్నం)
మా దగ్గర కూడా ఇసుక కుండీ పనిచేస్తుందా? డెండ్రోబియం నోబిల్ అనే ఇంకో ఆర్కిడ్ కూడా ఉంది, పూలకు బదులు కణుపుల దగ్గర పిల్లమొక్కలు వస్తున్నాయి.

జవాబు (శంకర్‌పల్లి)
తీరంలో అంతగా పనిచేయదండి. గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటే నీరు ఆవిరి కాదు, చల్లదనం రాదు. కూలరుకైనా అదే పరిమితి. మీకు ఫ్యానే మేలు, ఆకులు మెల్లగా కదిలేంత గాలి రాత్రంతా తగలాలి. లేదంటే వేడి, తడి కలిసి లేత పిలక మొదలు దగ్గర నల్ల కుళ్లు పడుతుంది. పడితే శుభ్రమైన బ్లేడుతో కుళ్లిన భాగం కోసి, కోత మీద దాల్చినచెక్క పొడి అద్ది, మూడు రోజులు నీళ్లు ఆపండి. పొడి వేళ్లకు తగలకూడదు, వాటిని ఎండబెట్టేస్తుంది.

నోబిల్ పిల్లమొక్కలు పెట్టిందంటే చలికాలంలో నీళ్లూ ఎరువూ ఎక్కువయ్యాయని. అక్టోబరు నుంచి ఎరువు పూర్తిగా మానేయండి. కాండం ముడతలు పడకుండా నీళ్లు అప్పుడప్పుడు చిలకరిస్తే చాలు. అయినా రాత్రులు 15 డిగ్రీలకు దగ్గరగా కొన్ని వారాలు దిగకపోతే బాగా పూయదు. అంచేత మీ ఊళ్లో దానికంటే ఫాలెనాప్సిస్ రకం డెండ్రోబియంలు పెట్టుకోవడం నయం. సింబీడియమే కావాలంటే వేడికి తట్టుకునే ఎన్సిఫోలియం అనే సింబీడియం జాతి సంకరాలున్నాయి, పసుపు పూల గోల్డెన్ ఎల్ఫ్ వాటిలో ఒకటి. మన తూర్పు కనుమల్లోనే పెరిగే అలోయిఫోలియం అనే సింబీడియం జాతి కూడా సరిపోతుంది. నర్సరీలో పెంచినదే కొనండి, అడవిలో పీకి తెచ్చింది వద్దు.

ప్రశ్న (ఉప్పల్)
ఇప్పుడే మిశ్రమం మార్చేయనా?

జవాబు (బెంగళూరు)
ఎండాకాలంలో వేళ్లు కదపకండి. తొలకరి పడ్డాక, కొత్త పిలక నాలుగంగుళాలున్నప్పుడు మార్చండి. కొబ్బరి డొక్క ముక్కలు రెండు పాళ్లు, బొగ్గు ఒక పాలు, ఇటుక ముక్కలు ఒక పాలు. డొక్కలో ఉప్పుంటుంది కాబట్టి మూడు రోజులు నానబెట్టి రోజూ నీళ్లు మార్చాలి. ఏడు బల్బులే కనుక విడదీయకండి, విడదీస్తే మరో ఏడాది పూలు ఆలస్యమవుతాయి.

ఒకవేళ జనవరిలో కాడ వస్తే, మొగ్గలు కనబడగానే ఇంట్లో అన్నిటికంటే చల్లగా, వెలుతురుగా ఉండే కిటికీ దగ్గరికి మార్చండి. ఫిబ్రవరి చివరి ఎండకు మొగ్గలు విచ్చకుండానే పసుపెక్కి రాలిపోతాయి. మార్చాక కుండీని అటూ ఇటూ తిప్పవద్దు, కాడ వెలుతురు వైపు మెలికపడుతుంది.