బీబీనగర్–గుంటూరు లైను: కరెంటు ముందు, డబ్లింగ్ (రెండో లైను) తర్వాత. ఈ వరస సరైనదేనా?

నడికుడి జంక్షన్:
బీబీనగర్–గుంటూరు 239 కిలోమీటర్ల సింగిల్ లైనుకు ముందు కరెంటు వేశారు. తర్వాత 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అదే లైనుకు డబ్లింగ్ మంజూరు చేసింది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్లలో రెండు పనులూ కలిపే చేసి 2023 ఏప్రిల్‌లో అంకితం చేశారు. ఇక్కడ మాత్రం పాతిన మాస్టులు (కరెంటు తీగల స్తంభాలు) మళ్లీ పీకాలి. ఇది వృథా అంటాను. కాదనేవాళ్లు లెక్కతో రండి.

కాంటాక్ట్‌వైర్:
అన్నీ పీకరండీ. రెండో లైను ఏ పక్క వస్తుందో ముందే అనుకున్న చోట మాస్టులను దానికి అవతలి పక్కనే పాతుతారు. అవి కదలవు. తంటా అంతా లైను పక్క మారిన చోట. కొత్త పనుల్లో రెండు లైన్ల సెంటర్ల మధ్య 5.3 మీటర్లు ఉండాలి. మధ్యలో పడిన మాస్టు పాత లైను సెంటర్‌కు 2.8 మీటర్లలో ఉందనుకోండి, కొత్త లైనుకు మిగిలేది 2.5. అందులోంచి మాస్టు వెడల్పు కూడా పోవాలి. చాలదు. కాబట్టి మాస్టు తీయాలి, లేకపోతే కొత్త లైనును దూరం జరపాలి. దూరం జరిపితే కట్ట వెడల్పు, దాంతోపాటు భూసేకరణ పెరుగుతాయి. సింగిల్ లైను కట్ట పైభాగం 7.85 మీటర్లయితే డబుల్‌కు మామూలుగానే 13 దాటుతుంది.

మాస్టు మార్చడం అంత పెద్ద పనేమీ కాదు. బళ్లు నడుస్తుండగానే కొత్త పునాది తవ్వి కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక మాస్టు నిలిపి, అడుగున సందులు కాంక్రీటుతో నింపి (గ్రౌటింగ్), తీగలను మోసే బ్రాకెట్ బిగిస్తారు. పవర్ బ్లాక్ (కాసేపు తీగల్లో కరెంటు ఆపడం) కావాల్సింది మాస్టు నిలిపి బ్రాకెట్ బిగించేటప్పుడు, తీగలను పాత బ్రాకెట్ నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు, ఎత్తూ స్టాగరూ (తీగ లైను సెంటర్‌కు ఎంత పక్కన ఉందన్న కొలత) సరిచూసుకునేటప్పుడు మాత్రమే.

నడికుడి జంక్షన్:
"అంత పెద్ద పనేమీ కాదు" అన్నది ఒక్క మాస్టు విషయంలో. 63 మీటర్ల స్పాన్ (మాస్టుకూ మాస్టుకూ దూరం) వేసుకున్నా కిలోమీటరుకు 16. మొత్తం 3,800 పైమాటే. పదింట ఒకటి మార్చినా 380. ఒక్కో బ్లాక్‌లో ఎన్ని అవుతాయో మీరే చెప్పండి.

పీవే మనిషి:
మీ ఇద్దరూ మాస్టుల దగ్గరే ఆగిపోయారు. డబ్లింగ్‌లో బళ్లు ఆగేది ఎక్కువగా కేబుళ్ల వల్ల. సిగ్నల్ కేబుల్, క్వాడ్ (టెలికాం రాగి కేబుల్), ఓఎఫ్‌సీ (ఆప్టికల్ ఫైబర్) పాత కట్ట అంచున పూడ్చి ఉంటాయి. కొత్త కట్ట మట్టి పడేది సరిగ్గా వాటి మీదే. రూటు గుర్తులు చూసుకోకుండా జేసీబీ దించితే కేబుల్ తెగుతుంది. లైను ఖాళీగా ఉందో లేదో చెప్పే యాక్సిల్ కౌంటర్ ఫెయిల్, స్టేషన్ల మధ్య బ్లాక్ సిగ్నలింగ్ ఫెయిల్, బళ్లు సిగ్నల్ బదులు కాగితం మీద రాసిచ్చిన అనుమతితో నడపాలి. ముందు కేబుల్ మార్గం తవ్వి చూసుకుని, పక్కకు మార్చి, పరీక్షించి, ఆ తర్వాతే మట్టి పని మొదలుపెట్టాలి. ఈ వరస తప్పిన చోటల్లా గొడవే.

పాత కట్ట వాలును 30 సెంటీమీటర్ల మెట్లుగా కోసి కొత్త మట్టిని అతకాలి. మెట్లు కోయకుండా పోస్తే మొదటి వానకే కొత్త కట్ట జారుతుంది. పల్నాడులో నల్లరేగడి ఉన్న చోట ఆ మట్టినే కట్టకు వాడితే ఎండకు బీటలు, వానకు ఉబ్బు. మంచి మట్టి తెచ్చి, పొరలు పొరలుగా రోలర్ తిప్పి, పైన బ్లాంకెటింగ్ (గట్టి కంకరమట్టి పొర) వేయాలి.

ఇంకోటి. తీగల్లో కరెంటు ఉన్నప్పుడు పొక్లెయిన్ చెయ్యి గానీ పైలింగ్ రిగ్ గానీ వాటికి రెండు మీటర్ల లోపలికి రాకూడదు. కరెంటు ముందు వేయడం వల్ల నిజంగా పెరిగే భారం ఇది. వంతెనల పనికీ పవర్ బ్లాక్ అడుక్కోవాలి.

మూసీ ఒడ్డు:
అసలు డబ్లింగ్ ఎందుకు? రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌ను విడదీసే ఐబీ సిగ్నళ్లు పెడితే చాలదా?

బ్లాక్ సెక్షన్:
చాలదు. సింగిల్ లైనులో ఐబీ పనికొచ్చేది ఒకే దిక్కున ఒకదాని వెనక ఒకటి పోయే బళ్లకు. ఎదురొచ్చే బండి స్టేషన్‌లోనే క్రాసింగ్ కావాలి. లైను ఎన్ని బళ్లు మోస్తుందో లెక్కగట్టే స్కాట్ సూత్రం పెట్టి చూడండి: 10 కిలోమీటర్ల సెక్షన్, లూపులోంచి (స్టేషన్‌లో పక్క లైను) లేచి మళ్లీ లూపులో ఆగే గూడ్సుకు 18 నిమిషాలు, బండికి దారి ఇచ్చే బ్లాక్ పనికి 5. రోజులోని 1440 నిమిషాలను 23తో భాగించి, సామర్థ్యం 70 శాతమని 0.7తో గుణిస్తే రెండు దిక్కులా కలిపి రోజుకు సుమారు 44 బళ్లు. డబుల్ అయితే ఆగడం ఉండదు కాబట్టి 12 నిమిషాలు. ఒక్కో దిక్కుకే 59.

కాంటాక్ట్‌వైర్:
నడికుడి గారూ, మీరడిగిన లెక్కకు జవాబు. తిన్నటి లైనులో ఒక బ్లాక్‌లో నాలుగైదు మాస్టులు మార్చవచ్చు. యార్డుల్లో అంత జరగదు. కానీ రెండూ కలిపి చేసేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో చూడండి. విజయవాడ–భీమవరం–నిడదవోలు, మచిలీపట్నం, నరసాపురం శాఖలతో కలిపి 221 కిలోమీటర్లు, డబ్లింగ్, కరెంటు కలిపి 2011-12లో మంజూరైంది. పూర్తయ్యేసరికి 2022. ఇక్కడా అంతకాలం డీజిల్ తాగిస్తూ, రెండు కొసల్లోనూ ఇంజన్ మారుస్తూ కూర్చోవాలా? ఆ ఖర్చు ముందు మీ 380 మాస్టులు ఏ పాటి?

నడికుడి జంక్షన్:
మీ లెక్కల్లో ఎప్పుడూ గూడ్సే! విష్ణుపురం చుట్టూ సిమెంటు, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ 4,000 మెగావాట్లకు బొగ్గు. ఈ లైను ఎవరికోసం పెరుగుతోందో తెలుస్తూనే ఉంది. స్టేషన్‌లో నాన్ ఇంటర్‌లాకింగ్ (ఎన్‌ఐ: సిగ్నళ్లకూ పాయింట్లకూ ఉన్న లంకె తాత్కాలికంగా తీసి చేసే) పని అనగానే ముందు రద్దయ్యేది పాసింజరే. నారాయణాద్రి, ఫలక్‌నుమా లాంటివాటిని కాజీపేట, విజయవాడ మీదుగా తిప్పుతారు. కుక్కడం, తుమ్మలచెరువు జనాన్ని ఏ మీదుగా తిప్పుతారు? నేను మాస్టుల సంగతి ఎత్తిందే ఇందుకు. ప్రతి అదనపు బ్లాక్ వాళ్ల బండి మీదే పడుతుంది.

మూసీ ఒడ్డు:
ఈ మాట మొదటే అనాల్సింది.

పీవే మనిషి:
బ్లాక్‌ల భారం ఎవరి మీద పడుతుందన్నదే ప్రశ్న అయితే, నడికుడి గారి పక్షమే నాది. కానీ పరిష్కారం కరెంటు ముందు వేయడంలోనే ఉంది. ఇంజన్ బండిని మధ్య స్టేషన్‌లో ఆపితే ఇంజన్ తిప్పి రెండో కొసకు తగిలించాలి. అందుకు ఖాళీ లైను కావాలి, షంటింగ్ కావాలి, అందుకే మొత్తం రద్దు చేస్తారు. మెమూకు (రెండు కొసల్లోనూ డ్రైవరు గది ఉండే కరెంటు పాసింజరు) ఆ బాధ లేదు. డ్రైవరు అటు కొస నుంచి ఇటు కొసకు నడిచి వస్తే చాలు. నల్గొండలో ఎన్‌ఐ పని ఉంటే బీబీనగర్ వైపు మెమూను దానికి ముందు స్టేషన్‌లో, గుంటూరు వైపు దాన్ని తర్వాతి స్టేషన్‌లో తిప్పొచ్చు.

నడికుడి జంక్షన్:
తిప్పొచ్చు అనడం కాదు, తిప్పుతామని బ్లాక్ ప్లాన్‌లో రాయాలి. అలా రాస్తే మాస్టుల మీద నా అభ్యంతరం వదులుకుంటాను. డీజిల్ లెక్క ఒప్పుకున్నట్టు మాత్రం కాదు.

బ్లాక్ సెక్షన్:
దానికి ఒక చిక్కుంది. ఇప్పుడు సింగిల్ లైను కాబట్టి ప్రతి లూపుకూ రెండు దిక్కులా స్టార్టర్లు (బండి కదలడానికి అనుమతిచ్చే సిగ్నళ్లు) ఉన్నాయి, మెమూ ఎక్కడైనా తిరుగుతుంది. రెండో లైను కలిసిన స్టేషన్‌లో లూపులు అప్ ఒకటి, డౌన్ ఒకటిగా విడిపోతే ఆ వీలు పోతుంది. ప్లాట్‌ఫారం ఉన్న ఒక లూపునైనా రెండు దిక్కులకూ పనికొచ్చే కామన్ లూపుగా ఉంచి, రెండు వైపులా స్టార్టర్లు పెట్టి, రెండు కొసల్లో క్రాసోవర్ (ఒక లైను నుంచి మరో లైనుకు దాటే దారి) ఇవ్వాలి. ఇంటర్‌లాకింగ్ (సిగ్నళ్లకూ పాయింట్లకూ లంకె) ప్లాన్ మీద సంతకాలు అయ్యాక ఇది అడిగితే మళ్లీ ఎన్‌ఐ చేయాల్సి వస్తుంది. అడిగేదేదో ప్లాన్ దశలోనే అడగండి.