పశువైద్య కళాశాల: నాలుగంతస్తుల ఏసీ భవనమా, విడివిడి సావళ్లా?

(భవనాల కట్టుబడి తెలిసినవారు, పశువైద్యుడు, గచ్చుపని మేస్త్రీ మాట్లాడుకుంటున్నారు.)

కట్టుబడి:
ఒంగోలు పక్కన పశువైద్య కళాశాల కట్టాలనుకుందాం. అనాటమీ, పోస్ట్‌మార్టం, సర్జరీ అన్నీ ఒకే ఏసీ భవనంలో సర్ది, పైన సోలార్ పలకలు పరిస్తే పర్యావరణహితం అయిపోతుందా? కాదంటాను. పశువుల శరీరాలు కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో, కుళ్లకుండా ఫార్మలిన్ అనే ఘాటు మందు ఎక్కించిన కళేబరాలుంటాయి. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, లోపలి ఆవిరినే తిప్పితిప్పి పిల్లల కళ్లలో కొడుతుంది. గంటకు 12 సార్లు గాలి మార్చామా, చల్లబరిచిందంతా 5 నిమిషాలకోసారి పారబోసినట్టే. ఆ హాలు విడిగా, నేలమీదే, గాలి ఆడేలా కట్టాలి. 500 కిలోల గిత్త కళేబరాన్ని పై అంతస్తుకు ఎక్కించే అవస్థా ఉండదు.

పశువైద్యం:
నేలమీద కట్టాలన్నది ఒప్పుకుంటానండీ, కిటికీలతో సరిపెట్టడం ఒప్పుకోను. రోహిణి కార్తెలో పడమటి గాలికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి ఫార్మలిన్ ఆవిరి ఇంకా లేస్తుంది, ఈగలు సరేసరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల జల్లు అడ్డంగా కొడుతుంది. ఆపరేషన్ థియేటరుకైతే వడపోసిన చల్లగాలి ఉండి తీరాలి.

కట్టుబడి:
థియేటరు విషయంలో తగువు లేదండీ. డిసెక్షన్ హాలుకు గాలి ఎటునుంచి ఎటు పోతుందన్నదే అసలు సంగతి. ఆవిరిని పైకప్పు వైపు లాగితే దారిలో విద్యార్థి ముఖం ఉంటుంది. అందుకే తాజా గాలి పైనుంచి దించి, ఎగ్జాస్ట్ జాలీలు నేలకు అడుగెత్తులో పెట్టాలి. సీలింగ్ ఫ్యాన్లు వద్దే వద్దు. 15×10 మీటర్ల హాలు 4 మీటర్ల ఎత్తుంటే 600 ఘనపు మీటర్లు, గంటకు 12 సార్లు మార్చాలంటే గంటకు 7,200 ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్లు కావాలి. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలు చూసేలా, పడమటి ఎండకు అడ్డంగా స్టోరు గదులు. వేసవిలో డిసెక్షన్ తరగతి ఉదయం 7కే మొదలెట్టాలి.

గచ్చుపని:
చీమకుర్తి రాయి చేరువలో ఉంది కదా అని పశువుల వార్డులో పాలిష్ గ్రానైట్ పరచకండి. తడిలో గిట్ట జారి వెనక కాళ్లు చీలబడితే ఆ ఆవు మళ్లీ లేవడం కష్టం. కాంక్రీటు గచ్చు పోసి, 10 మిల్లీమీటర్ల లోతు గాట్లు పెట్టి, కాలువ వైపు 50 అడుగులకు 1 అడుగు దిగేలా వాటం ఇవ్వండి. పాలిష్ రాయిని బల్లలకు వాడుకోండి, కడగడం తేలిక.

పశువైద్యం:
మురుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. గోబర్ గ్యాస్ ట్యాంకు పెడితే 50 కిలోల పేడతో రోజుకు దాదాపు 2 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. ఆ ట్యాంకులోకి ఫినాయిల్, ఫార్మలిన్ నీళ్లు పోతే గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులే చస్తాయి. పేడకు, పోస్ట్‌మార్టం గదికి, ఫార్మలిన్‌కు మూడు వేరు గొట్టాలు మొదటి రోజే వేయాలి. కళేబరాలు పూడ్చే గుంతకూ షరతుంది: 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గుంత అడుగుకు కనీసం 6 మీటర్ల కిందే భూగర్భజలం ఉండాలి. 2 మీటర్లు తవ్వితే, 8 మీటర్ల దాకా నీరు తగలకూడదు. తీరపు ఇసుక నేలల్లో అది కుదరడం కష్టం, దహన యంత్రానికి ముందే చోటు ఉంచాలి. స్థలం ఖాయం చేసేముందు నీటిమట్టం వానలకు పైకొచ్చే డిసెంబరులో కొలిపించండి, మేలో కొలిస్తే లెక్క తప్పుతుంది.