చూసేసిన అనిమేనే మళ్లీ మాంగాగా కొనాలా?

పర్లాకిమిడి_బ్రష్:

అందరికీ నమస్కారం. నాది పర్లాకిమిడి. చిన్న ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, షాపు బోర్డులు, పండగ ఫ్లెక్సులు. సగం పని ఒడియాలో, సగం తెలుగులో. మా నాన్నగారు బోర్డు పెయింటర్. రెండు లిపులూ ఒకే బ్రష్‌తో, గీత కూడా కొట్టుకోకుండా రాసేవారు.

టెక్కలిలో ఉండే మా మేనల్లుడు పదో తరగతి. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరం నెట్‌ఫ్లిక్స్‌లో నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్ అనే అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్, చూశాం. షాపు మూసి, భోజనాలయ్యాక రోజుకి రెండు ఎపిసోడ్లు. మొత్తం 26, అంటే పదమూడు రాత్రులు. చివరి రెండూ వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. యుద్ధం ఏమైందో చూపించకుండా కథంతా హీరో కుర్రాడు షింజీ మనసులోకి వెళ్లిపోయింది. నాకు ఆ ఎపిసోడ్లు నచ్చాయి, కానీ వాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లైటు తీసేశాక చీకట్లోంచి అడుగుతున్నాడు, “మావయ్యా, మరి మిగతావాళ్లందరూ ఏమయ్యారు?” అని.

వచ్చే నెల వాడి పుట్టినరోజు. ఇవాంజెలియన్ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం, ఇద్దామనుకున్నాను. అక్కకి ఫోన్‌లో చెప్తే, “చూసేసిన బొమ్మనే మళ్లీ డబ్బులు పోసి కొంటావేంట్రా” అంది. అక్క మాటలోనూ న్యాయం ఉంది. ఒకప్పుడు సినిమా ఆడాక వెండితెర నవలలు వచ్చేవి కదా. మా ఇంట్లోనూ రెండు మూడు ఉండేవి, అట్టలు ఊడిపోయి. బాగుండేవి, కానీ సినిమా గుర్తు చేసుకోడానికే తప్ప అందులో కొత్త సంగతి ఉండేది కాదు. అనిమే నుంచి వచ్చిన మాంగాలు కూడా అలాంటివేనా? లేక విడిగా నిలబడే కథలా?

ఇంకో భయం కూడా ఉంది. పోయినేడాది ఆన్‌లైన్‌లో వేరే మాంగా ఒకటి తెప్పిస్తే, మధ్యలో ఒక ఫారం (కలిపి అచ్చువేసే పేజీల కట్ట) రెండుసార్లు పడి, తర్వాతి ఫారమే లేదు. కథ సరిగ్గా మలుపు తిరిగే చోట పదహారు పేజీలు గల్లంతు. మార్చి ఇవ్వమంటే గడువు దాటిపోయిందన్నారు. ఈసారి వాడి చేతిలో పెట్టే పుస్తకం అలా ఉండకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాయగడ_వాసి:

బ్రదర్, ముందు ఒక సంగతి. ఇవాంజెలియన్ విషయంలో “అనిమే చూసి గీసిన మాంగా” అనడానికి లేదు. మాంగా మొదలైంది 1994 డిసెంబర్‌లో, షోనెన్ ఏస్ పత్రికలో. అనిమే టీవీలో మొదలైంది 1995 అక్టోబర్ 4న. తొమ్మిది నెలల ముందే షింజీ కాగితం మీద ఉన్నాడు. గీసింది యోషియుకి సదమోతో. అనిమేలో పాత్రలకు రూపం ఇచ్చిందీ ఆయనే. కాబట్టి మీ వెండితెర నవల పోలిక ఇక్కడ కుదరదు. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు పిల్లల్లా అనుకోండి, పోలికలుంటాయి, బుద్ధులు వేరు.

అనిమే ఆరు నెలల్లో, 1996 మార్చికల్లా అయిపోయింది. మాంగా మాత్రం నెలల తరబడి ఆగుతూ, మళ్లీ మొదలవుతూ, మధ్యలో యంగ్ ఏస్ పత్రికకి మారి, 2013 జూన్‌లో ముగిసింది. పద్దెనిమిదేళ్లకి పైగా, 14 సంపుటాలు. మొదటి సంపుటం నేను భువనేశ్వర్‌లో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో స్నేహితుడి దగ్గర చదివాను. చివరిది కొనేసరికి ఉద్యోగంలో ఉన్నాను. ఆ పద్నాలుగో పుస్తకం చదవకుండా వారం రోజులు బీరువా మీదే ఉంచాను. అయిపోతుందని.

ఇక తేడాలు. మాంగాలో షింజీ ఊరికే నలిగిపోడు, ఎదురు మాట్లాడతాడు, మాటలో విసురు ఉంటుంది. అనిమేలో కవోరు అనే కుర్రాడు 24వ ఎపిసోడ్‌లో వచ్చి అందులోనే వెళ్లిపోతాడు. మాంగాలో చాలా ముందే వస్తాడు, కాబట్టి షింజీకి వాడి మీద చిరాకు కలగడానికీ, ఆ చిరాకు ఇంకోలా మారడానికీ చోటు దొరికింది. ఏంజెల్స్ అనే శత్రువుల్లో కొన్నిటిని సదమోతో పూర్తిగా వదిలేశారు. స్నేహితుల్లో ఒకరి విషయంలో మాంగా అనిమే కంటే నిర్దయగా ఉంటుంది, పేరు చెప్పను. ముగింపు మాత్రం టీవీ ముగింపు కాదు, 1997లో వచ్చిన ది ఎండ్ ఆఫ్ ఇవాంజెలియన్ సినిమా ముగింపూ కాదు. ఆ సినిమా దారిలోనే చాలా దూరం నడిచి, చివర్లో పక్కకి తిరుగుతుంది. మీ మేనల్లుడు చీకట్లో అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది.

మనవి ఒకటి. వాడికి పదిహేనేళ్లే కదా. మాంగా పెద్ద పిల్లలకి ఫర్వాలేదు, కానీ మీరు ముందు చదివి ఇవ్వండి. ఆ సినిమా మాత్రం ఇప్పుడే వద్దు.

ఇంగ్లీషులో విజ్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు మూడేసి సంపుటాలు కలిపి ఒక్కో పుస్తకంగా వేశారు. ఐదు పుస్తకాల్లో మొత్తం అయిపోతుంది. ఒకేసారి ఐదూ కొనకండి. మొదటిది తెప్పించి, వచ్చిన రోజే పేజీలు లెక్కపెట్టుకోండి.

బరంపురం_రైలు:

రాయగడ అన్న చెప్పినదంతా నిజమే. కానీ మీ నాన్నగారు బ్రష్ పట్టినాయన అన్నారు కాబట్టి, మీకు నేను చెప్పే పుస్తకం వేరు. మొబైల్ సూట్ గండమ్: ది ఆరిజిన్.

అసలు గండమ్ అనే రోబోల యుద్ధం అనిమే సీరియల్ 1979లో వచ్చింది, యోషియుకి తోమినో దర్శకత్వంలో. ఆదరణ లేక 52 ఎపిసోడ్ల సీరియల్‌ని 43కే ముగించారు. అందులో పాత్రలు గీసిందీ, యానిమేషన్ చూసుకున్నదీ యోషికాజు యసుహికో. చివరి భాగాలు తయారవుతున్నప్పుడు ఆయన జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. అదే మనిషి 2001లో ఆ కథంతా మొదటినుంచీ ఒంటిచేత్తో గీయడం మొదలుపెట్టి, పదేళ్లు గీశారు. అది కూడా బ్రష్‌తో. జుట్టు గాలికి ఎగిరే గీత చూడండి, సన్నగా మొదలై లావై మళ్లీ సన్నగా ఆగిపోతుంది. నీటిరంగులతో వేసిన పేజీలు కూడా మధ్యమధ్యలో ఉంటాయి.

కథ మధ్యలో ఆపి, హీరోకి ప్రత్యర్థి అయిన షార్, అతని చెల్లెలు చిన్నప్పుడు ఏమయ్యారో సంపుటాల కొద్దీ చెప్తారు. సీరియల్‌లో అది నాలుగు మాటల్లో తేలిపోయిన విషయం. ఆ భాగమే తర్వాత 2015 నుంచి 2018 దాకా మళ్లీ అనిమేగా వచ్చింది. అనిమే నుంచి మాంగా, ఆ మాంగా నుంచి మళ్లీ అనిమే! చూసేసిన బొమ్మ అని మీ అక్కగారు అన్నారు కదా, ఇది చూడని బొమ్మ.

ఇంగ్లీషులో 12 పుస్తకాలు, గట్టి అట్టలు. ఖరీదు ఎక్కువే. నా దగ్గర మొదటి మూడు ఉన్నాయి.

సిరొంచ_గోదావరి:

నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోకండి. అన్ని మాంగాలు ఇలా ఉండవు. మాది సిరొంచ, ఇక్కడ పుస్తకాల షాపుల్లో మాంగా దొరకదు. బల్లార్షాలో ఉండే మా చెల్లి అడ్రస్‌కి తెప్పించుకొని, అది వచ్చినప్పుడు తెచ్చుకుంటా. అంత కష్టపడి తెప్పించిన కౌబాయ్ బీబాప్ మాంగా నాకు అస్సలు ఆనలేదు. 1998 నాటి ఆ అనిమే 26 ఎపిసోడ్లలో సగం ప్రాణం యోకో కన్నో సంగీతమే. పేజీలో ట్రంపెట్ మోగదు కదా. మనుషులు వాళ్లే, అంతరిక్ష ఓడ అదే, కానీ చిన్న చిన్న కథలుగా వచ్చి పోతాయి.

కోడ్ గియాస్ ఇంకో రకం. మాజికో గీసిన ఎనిమిది సంపుటాల మాంగాలో నైట్‌మేర్ రోబోలే లేవు, తీసేశారు. రోబోల కోసం కొనేవాళ్లు మోసపోతారు. నాకు అందులో హీరో లెలూష్ ఎత్తుగడలే ఇష్టం కాబట్టి చదివేశా. యురేకా సెవెన్ మాత్రం ధైర్యంగా కొనొచ్చు. 50 ఎపిసోడ్ల కథని ఆరు సంపుటాల్లోకి దించి, ముగింపు వేరే ఇచ్చారు. చదివి ఏడ్చాను.

నేను ఒకటే చూస్తా. ఆ బొమ్మలకి రూపం ఇచ్చిన చెయ్యే మాంగా కూడా గీసిందా, లేక ప్రచారానికి ఇంకెవరికో అప్పగించారా? మొదటిదైతే కళ్లు మూసుకొని కొంటా. రెండోదైతే ముందు నాలుగు పేజీలు చూస్తా.

పర్లాకిమిడి_బ్రష్:

అందరికీ చాలా థాంక్స్. రాయగడ అన్న చెప్పినట్టు ఇవాంజెలియన్ మొదటి పుస్తకం తెప్పించాను. నిన్న వచ్చింది. ముందు పేజీలు లెక్కపెట్టాను. ఫారాలన్నీ ఉన్నాయి, వరసలోనే ఉన్నాయి. అప్పుడే ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత మా వృత్తి అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి చూశాను. మా ఫ్లెక్సులో బూడిద రంగు కావాలంటే నాలుగు రంగుల చుక్కలు కలుస్తాయి. ఇందులో బూడిద రంగే లేదు. ఉన్నదంతా నలుపు. షింజీ చొక్కా నీడ అంటే వరసగా పేర్చిన నల్ల చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య కాగితం తెలుపు. భూతద్దం తీసేస్తే చొక్కా మీద మధ్యాహ్నపు ఎండ కనిపిస్తోంది. ఒక్క సిరాతో అంత ఎండ! నాన్నకి చూపించాను. ఆయనకి ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, బ్రష్ పట్టి చాలా ఏళ్లైంది. షింజీ కంటి రెప్ప మీద గీతని వేలితో గాలిలో రాస్తూ, “ఇక్కడ చెయ్యి ఎత్తలేదు రా” అన్నారు. అనిమేలో ఆ కన్ను కొన్ని వందలసార్లు చూశాను. ఆ కంటి మీద చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఆగలేదో నాకెప్పుడూ తెలియలేదు.

సిరొంచ గారు సంగీతం గురించి చెప్పింది నిజమే. అనిమేలో ఎప్పుడూ ఎండాకాలమే కదా, ఆ చెట్ల మీద కీచురాళ్ల రొద లేకుండా మొదటి పది పేజీలు నాకు వెలితిగా ఉన్నాయి. మధ్యాహ్నం షాపు వెనక వేపచెట్టు కింద కూర్చుని చదివితే ఆ వెలితి తీరింది. అక్కడ మా కీచురాళ్లు ఉన్నాయి.

షింజీ ఎదురు మాట్లాడటం నాకు బాగా నచ్చింది. మేనల్లుడికి ఇంకా నచ్చుతుంది. మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి, అట్ట లోపల పెన్సిల్‌తో చిన్న బాణం గీసి, “కుడి నుంచి మొదలుపెట్టు” అని తెలుగులో రాశాను. అక్కకి ఏం చెప్పాలో కూడా దొరికింది. కథ అదే కానీ, చెప్పే మనిషి వేరని.

బరంపురం అన్నా, ఆ గండమ్ మొదటి పుస్తకం ఒక్క వారం ఇవ్వగలరా? కొనే ముందు ఒకసారి నాన్నకి చూపించాలి. నీటిరంగుల పేజీలు ఉన్నాయన్నారు కదా.

బరంపురం_రైలు:

వచ్చే ఆదివారం గుణుపూర్ రైల్లో అటే వస్తున్నాను, మా అత్తగారి ఊరు వెళ్లాలి. పర్లాకిమిడి స్టేషన్లో బండి ఎక్కువసేపు ఆగదు. ప్లాట్‌ఫాం మీదకి వచ్చి ఉండండి, కిటికీలోంచి అందిస్తాను. మూడు పుస్తకాలూ తెస్తున్నాను. బరువుంటాయి, గట్టి సంచి పట్టుకు రండి.