రిసార్ట్‌లో నక్షత్రాల రాత్రి: అతిథులకు ఏం చెప్పాలి?

రాత్రిడ్యూటీ (ప్రశ్న):

ఊరికి దూరంగా ఉన్న ఒక రిసార్ట్‌లో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగం నాది. సాయంత్రం ఏడు దాటాక అతిథుల కాలక్షేపం కూడా నా నెత్తినే పడింది. "ఈ ఏడాది కొత్తగా ఏదైనా చెయ్యాలి" అని పైనుంచి మాట వచ్చింది. టెలిస్కోప్ కొన్నారు, లాన్‌లో కుర్చీలు వేయించారు, ఫోన్ పైకెత్తితే నక్షత్రాల పేర్లు చూపించే యాప్ పెట్టారు. ప్రతి శనివారం రాత్రి ఎనిమిదింటికి ప్రోగ్రాం.

నిజం చెప్పాలంటే నడవట్లేదు. టెలిస్కోప్ దగ్గర క్యూ, మనిషికి అర నిమిషం, "ఇంతేనా?" అనేసి బఫే వైపు నడక. పోయిన వారం కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించి పావుగంట పట్టింది. చిత్రమేంటంటే ఆ పావుగంటా ఒక్కరూ లోపలికి పోలేదు. పూల్ గట్టు మీద వెల్లకిలా పడుకుని చూశారు. ఓ చిన్నపాప తేలు ఆకారాన్ని తనంతట తనే పట్టేసి, "దీన్ని తేలని మొదట ఎవరన్నారు?" అని అడిగింది. నాకేం తెలుసు! మా బ్రోషర్‌లో ఉన్న ముక్కే అప్పజెప్పాను: "ప్రపంచానికి ఖగోళ విద్య నేర్పింది మన పూర్వీకులే." పక్కన ఓ పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటోంది.

ఆ ముక్క తప్పా? తప్పైతే దాని బదులు ఏం చెప్పాలి? ఇంకోటి, మళ్లీ కరెంటు పోయేదాకా ఆగకుండా ఆ పావుగంటని రప్పించే దారేదైనా ఉందా?

చాక్‌పీస్:

తప్పని కొట్టిపారెయ్యలేం కానీ సగమే. పాప అడిగిన తేలుతోనే మొదలుపెట్టండి. సుమారు 3,000 ఏళ్ల కిందట బాబిలోనియాలో (ఇప్పటి ఇరాక్ వైపు) కూర్చిన "ముల్ అపిన్" అనే నక్షత్రాల జాబితా ఉంది, మట్టిపలకల మీద రాసింది. తేలు అందులోనే ఉంది. రాశిచక్రాన్ని పన్నెండు సమాన భాగాలు చేసింది కూడా ఆ వైపువాళ్లే, క్రీ.పూ. 5వ శతాబ్దంలో. అక్కణ్ణుంచి గ్రీకులకి, వాళ్ల నుంచి మనకి. మన వృశ్చికం ఆ తేలే.

ఇప్పుడు దాని ఒంటి మీద పేర్లు చూడండి. గుండె దగ్గర ఎర్రగా మెరిసేదాన్ని గ్రీకులు అంటారీస్ అన్నారు, అంగారకుడికి పోటీ అని. మనకది జ్యేష్ఠ. కొండి దగ్గరున్న షౌలా అరబ్బీ పేరు, పైకెత్తిన తోక అని అర్థం. మనకక్కడ మూల. జ్యేష్ఠ, మూల మన సొంత నక్షత్రాలు, రాశులు రాకముందు నుంచీ ఉన్నవి. తేలు ఒకటే, దాని మీద చెయ్యి వేసినవాళ్లు నలుగురు.

మన జ్యోతిషంలో వాడే హోర (గంట), కేంద్రం అనే మాటలూ గ్రీకు నుంచి వచ్చినవే. ఇందులో చిన్నతనమేం లేదు. 6వ శతాబ్దంలో జ్యోతిష పండితుడు వరాహమిహిరుడే రాశాడు: యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర బాగా నిలిచింది కాబట్టి వాళ్లూ ఋషుల్లా పూజ్యులేనని. మన బ్రోషర్లు రాసేవాళ్లకే లేనిపోని పట్టింపు.

ఇక మన దగ్గర్నుంచి పోయినదానికి నాకిష్టమైన కథ ఇది. గ్రీకులు పూర్తి జ్యాతో, అంటే వృత్తం మీద రెండు బిందువుల్ని కలిపే గీతతో, లెక్కలు కట్టేవాళ్లు. మనవాళ్లు దాన్ని సగం చేశారు. 499 నాటి ఆర్యభటీయంలో ఆ అర్ధజ్యాల పట్టిక ఉంది. వాడుకలో అర్ధం ఊడిపోయి జ్యా, జీవా అయింది. జ్యా అంటే వింటినారి. 770ల్లో మన ఖగోళ సిద్ధాంత గ్రంథం ఒకటి బాగ్దాద్‌లో ఖలీఫా అల్ మన్సూర్ కొలువుకి చేరింది. అరబ్బులు జీవాని "జీబ" అని రాసుకున్నారు. వాళ్ల లిపిలో హ్రస్వాచ్చులు రాయరు కాబట్టి తర్వాతివాళ్లు దాన్నే "జైబ్" అని చదివారు. అంటే చొక్కా మడత, జేబు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్లు ఆ మడతకి తమ మాట పెట్టారు, "సైనస్". మనం బళ్లో త్రికోణమితిలో చదివే సైన్ అదే.

మన తెలుగులో జ్యా ఉంది, జేబూ ఉంది. వృత్తంలో గీసేది ఒకటి, చిల్లర వేసుకునేది ఒకటి. ఈ కథ మనంత బాగా ఇంకెవరికి అర్థమవుతుంది?

పాతకాపు:

నేను హౌస్‌కీపింగ్‌లో చేరి ఆపరేషన్స్ దాకా వచ్చినవాణ్ణి. మీరు కొన్న పరికరాలన్నీ పక్కన పెట్టండి. మీకు కావలసింది లైట్ల పని.

చీకటికి కళ్లు అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటికే. అంటే మీ యాప్ మీ ప్రోగ్రాంకే శత్రువు. చెట్లకి కింద నుంచి కొట్టే ఫ్లడ్ లైట్లు తీయించండి. దారి లైట్లు మోకాలి ఎత్తుకి దించి, పైకి వెలుగు పోకుండా మూత పెట్టించండి. తెల్లవి కాకుండా పసుపు వెలుగువి వెయ్యండి. మెట్ల దగ్గర మాత్రం ఆర్పకండి, అతిథి పడితే నక్షత్రాలు ఎవరికీ గుర్తుండవు. స్టాఫ్‌కి ఎర్ర టార్చీలు ఇవ్వండి.

రెండోది, ప్రతి శనివారం ఏమిటండీ? శనివారం పౌర్ణమి పడితే ఏం చూపిస్తారు? అమావాస్యకి అటో నాలుగు రోజులు, ఇటో నాలుగు రోజులు చూసుకుని బుకింగ్ పెట్టండి. ఉత్తర ధ్రువం వైపు హోటళ్లలో ఆకాశంలో అరోరా (రంగుల వెలుగు తెరలు) కనబడగానే గదికి ఫోన్ చేసి లేపుతారు. వేకప్ కాల్ అనే పాత సర్వీసే, వాడిన చోటు కొత్తది. మీరూ అంతే, మబ్బు విడిన రాత్రి "లేపమన్నవాళ్ల" జాబితా ఒకటి పెట్టుకోండి. మర్నాడు వాళ్లకి టిఫిన్ అరగంట ఆలస్యంగా ముయ్యమని కిచెన్‌తో ముందే మాట్లాడుకోండి. అది మరిచారో, వచ్చే గొడవ నక్షత్రాల గురించి కాదు.

మధ్యలోమాట:

చాక్‌పీస్ గారూ, సెలవుకి వచ్చినవాళ్లకి మరీ శతాబ్దాలు లెక్కపెట్టకండి. నేనైతే ఏడు పేకముక్కలతో వారాల క్రమం చూపిస్తాను. శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, ఇదీ పూర్వం అనుకున్న దూరాల వరస. రోజుకి మొదటి గంట ఎవరిదో ఆ రోజు వాళ్ల పేరే. గంటకొకరు చొప్పున తిప్పండి. శనితో మొదలుపెడితే 25వ గంటకి, అంటే మర్నాటి మొదటి గంటకి, రవి తగులుతాడు. అంటే శని తర్వాత ఆదివారం. రవితో మొదలుపెడితే చంద్రుడు, సోమవారం. పిల్లలు ముక్కలు లాక్కుని వాళ్లే తిప్పేస్తారు.

రాత్రిడ్యూటీ:

అందరికీ థాంక్స్. మొన్న అమావాస్య ముందు రోజు చేశాం. నలభై నిమిషాలు లైట్లు ఆర్పడానికి సెక్యూరిటీ ఒప్పుకోలేదు. మెట్లవీ గేటువీ ఉంచితే సరే అన్నారు. పూల్ గట్టు మీద చాపలు పరిచాం. తేలు కథ చెప్పి, జ్యా దగ్గరికి వచ్చేసరికి నా యూనిఫాం జేబు బయటికి లాగి చూపించాను. అందులోంచి ఎవరిదో రూమ్ తాళం కింద పడింది, అందరూ ఒకటే నవ్వు. 

బ్రోషర్‌లో ఆ వాక్యం తీయించాను. టెలిస్కోప్ స్టోర్ రూమ్‌లో ఉంది, ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి పైవాళ్లకి ఇంకా చెప్పలేదు.